ఖుర్బుసు

ముందు నవ్వొచ్చింది ఆండాలుకు. నవ్విన తర్వాతనే గుండె జారింది. బస్సు లాల్‌దర్వాజా మోడ్ దగ్గర ఆగిపోయి చాలాసేపయింది, బోనాల ఆదివారం నాడు ఆ దారిన వచ్చిన బస్సు ఆగక ఏం చేస్తుంది, ముందర డప్పులు, వేపమండలు, అమ్మవారికి మొక్కిన రంగు కాగితాల తొట్టెల ఒకటి, దాని వెనక ఇంకొకటి, డ్రైవరు ఇంజను బందుచేసి సొంత ఇంటి అరుగు మీద కూర్చున్నంత నిమ్మళంగా కూర్చున్నాడు. ఆడవాళ్ళ సీట్లలో రెండో వరుసలో కిటికీ పక్కన, చెల్లెలికి తీసుకుపోతున్న చీరె మూట ఒళ్ళో పెట్టుకుని ఆండాలు, ఆమె ముందు సీట్లో చార్మినార్ దగ్గర ఎక్కిన ఒక తల్లి, ఆమె ఐదేళ్ళ పిల్ల. కిటికీ బయట, ఒళ్ళంతా పసుపు పూసుకున్న పోతరాజు మీద ఎవరో ఇల్లాలు చెంబెడు నీళ్ళు కుమ్మరించింది. చెంబులో ఎన్ని ఉంటాయి గనక, మొహం తడిసింది, మోచేతులు తడిశాయి, అంతే, ఆయన మాత్రం తలంటు పోసుకున్నంత గొప్పగా ఒళ్ళు విదిలించాడు. పిల్ల కిటికీ ఊచ పట్టుకుని కిలకిలా నవ్వింది. "అమ్మా, సూడే, మొగులయ్య స్నానం" అంది. ఆండాలు కూడా నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది, ఎందుకంటే ఆ మాటకు నవ్వడం ఆమెకు ఒంటికి పట్టిన అలవాటు. ఆ తర్వాత కొంగు నోటి దగ్గరే ఉండిపోయింది.

మొగులయ్య ఆమె సొంత అన్న. ఉస్మాన్‌గంజ్‌లో పల్లీల దుకాణంలో బస్తాలు తూచే మొగులయ్య, చన్నీళ్ళంటే చచ్చేంత భయమున్న మొగులయ్య, పండుగ పూట ఆండాలు ఇంటికి వస్తే నల్లా దగ్గర కూర్చుని కాళ్ళకిన్ని, మోచేతులకిన్ని, మొహానికిన్ని నీళ్ళు తగిలించుకుని, నొసట విభూతి పట్టెలు పెట్టి, "అయిపాయె, అన్నం పెట్టుండ్రి" అని పీట మీద కూలబడే మొగులయ్య. ఆ అరకొర స్నానానికి ఆ పేరు పెట్టింది ఆండాలు పెనిమిటి వైకుంఠం, బావమరిదిని ఏడిపించడానికి. తర్వాత అది ఇంట్లో వాడుక అయిపోయింది. ఆండాలు ఇల్లు పైపైన ఊడిస్తే మొగులయ్య స్నానం, వాన నాలుగు చినుకులు రాల్చి ఎటో పోతే మొగులయ్య స్నానం. ఇంకా ఉండేవి ఆ ఇంట్లో. చుట్టాలొచ్చి కూర తక్కువ పడితే ఆండాలు గిన్నె దించుతూ "పావుదావత్" అనేది, అంటే ఇంటివాళ్ళు పావు వంతే వడ్డించుకోవాలని, చుట్టాలేమో అదేదో వంటకం పేరనుకునేవారు. అత్త నూరే పచ్చడి పేరు జంపకారం, నాలుక మీద పెడితే మనిషి ఎగిరి గంతేయాల్సిందే. పేట్లబుర్జులో ఒక్క గది, ఒక వంట మూల, నాలుగిండ్లకు కలిపి వాకిట్లో ఒక నల్లా, ఆ ఇంట్లో సామాన్ల కన్నా మాటలే ఎక్కువ ఉండేవి. ఉండేవి అనే అనాలి ఇప్పుడు.

లోకంలో మొగులయ్యలకేం తక్కువ, అనుకుంది. ఈ పిల్లకూ ఒక మేనమామ ఉండొచ్చు, ఆయన పేరూ అదే కావొచ్చు, ఆయనా నీళ్ళకు భయపడొచ్చు, తన ఇంట్లో పుట్టిన వేళాకోళం ఇంకో ఇంట్లో పుట్టకూడదని ఎవరన్నా రాసిపెట్టారా. అట్లా అనుకుంటూనే ముందు సీట్లోని ఆమె మెడను చూస్తూ కూర్చుంది. మెడ మీద చెమట, నూనె పెట్టి బిగించి అల్లిన జడ, జడలో మల్లెలు, నల్లపూసల దండకు ఒక పిన్నీసు. బస్సెక్కగానే ఆమే వెనక్కి తిరిగి, "అక్కా, జర గా షటరు మీదికి లేపుతవా, పిల్లకు గాలాడుతలేదు" అంటే ఆండాలే లేచి లేపింది. మంచి మొహం. ముప్ఫై దాటని మొహం. ఎవరిని పడితే వారిని అక్కా అనే మొహం. కండక్టరుతో ఆమె ఏమంది, బార్కస్, ఒక ఫుల్లు ఒక హాఫు అంది. బార్కస్ అన్న మాట గుర్తురాగానే ఆండాలు నోట్లో జామకాయ రుచి తగిలింది, తియ్యగా కాదు, పులిసిపోయినట్టు. వైకుంఠం నీళ్ళ వాల్వు తిప్పే మనిషి. ఏ వీధికి ఎప్పుడు నీళ్ళు వదలాలో అక్కడికి పోయి, నేల మీది ఇనుప మూత ఎత్తి, పొడుగాటి తాళం దించి తిప్పుతాడు. ఆరేడేళ్ళ కింద డ్యూటీ ఆ దిక్కుకు మారిందన్నాడు. అప్పటినుంచి వారంలో రెండు మూడు రాత్రులు అటే, ఆదివారాలు అటే, తిరిగి వచ్చేటప్పుడు తువ్వాలలో మూటగట్టిన బార్కస్ జామకాయలు. "వాల్వు పక్కకే అమ్ముతరు, మస్తుంటయి" అనేవాడు. ఆండాలు ఉప్పూ కారం అద్దుకుని తినేది, గింజలతో సహా తినేది. ఈ పొద్దు కూడా, "బోనాలు గదా, నీళ్ళు ఎక్కువ ఇడవాలె, రేపు పొద్దుగాల వస్త" అని తెల్లవారకముందే సైకిలెక్కి పోయాడు. ఎవరు కోసి ఇచ్చారో ఆ కాయలు, ఎవరింటి చెట్టువో.

డప్పు దగ్గరికొచ్చి మళ్ళీ దూరం జరిగింది. ఊదు పొగ బస్సులోకి వచ్చి కళ్ళు మండాయి, మంటకే నీళ్ళు వచ్చాయనుకుంది. పిల్ల కిటికీ వదిలేసి సీటు మీద మోకాళ్ళేసుకుని కూర్చుంది. లాడ్‌బజారులో కొన్న కొత్త గాజులున్నాయి చేతికి, ఆ చెయ్యెత్తి సీటుకున్న ఇనుప కడ్డీ మీద వేలి కణుపుతో కొట్టింది. టక్ టక్. ఆగి, మళ్ళీ టక్. ఆండాలు వెన్ను నిటారయింది. ఊరికే ఆడుకునే పిల్లలు ధనధనా కొడతారు, రెండు కొట్టి ఆగి ఒకటి కొట్టరు. వద్దు, అనుకుంది. అనొద్దు బిడ్డా. కావాలంటే మా అన్నను తీసుకో, జంపకారం తీసుకో, పావుదావత్ తీసుకో, అవన్నీ నీకే, అది మాత్రం అనొద్దు. పిల్ల తల్లి భుజం తట్టి, పాట కట్టినట్టు అడిగింది.

"ఖుర్బుసొచ్చె, ఖుర్బుసొచ్చె, ఎవరింటికొచ్చె?"

సోమశేఖర్ అడిగేవాడు అట్లా. ఆండాలు కొడుకు, ఒక్కగానొక్క కొడుకు. తెల్లవారుజామున నల్లాలో నీళ్ళు పడకముందు గాలి వస్తుంది గదా, ఎవరో ముసలాయన గొంతు సవరించుకున్నట్టు ఖుర్రుమని, తర్వాత బుస్సుమని, ఆ తర్వాత గానీ ధార పడదు. వైకుంఠం వాడితో చెప్పేవాడు, "నేను ఆడ వాల్వు తిప్పంగనే నీకు ఈడ ఖబర్ పంపిస్త, ఇనవడ్తదా?" అని. వాడు నిద్ర కళ్ళతో వచ్చి, చెడ్డీ సగం జారిపోతుంటే పట్టుకుని, నల్లా ముందు గొంతుక్కూచుని ఆ ఖబర్ కోసం కాచుకునేవాడు. చప్పుడు రాగానే, అమ్మా ఖుర్బుసొచ్చె, బాపు పంపిండు, అని అరుపు. ఆ పేరు వాడే పెట్టాడు. వస్తున్నట్టే ఉండి ఇంకా రానిది ఏదైనా వాడికి ఖుర్బుసే. మబ్బు పట్టి కురవకపోతే ఖుర్బుసు. అమ్మకు కోపం వచ్చే ముందు ముక్కు ఎర్రబడితే ఖుర్బుసు. పక్కింటి ఆగమ్మ నెలలు నిండి తిరుగుతుంటే ఆమె పొట్ట వైపు వేలు పెట్టి ఖుర్బుసు అన్నాడు, వాడకట్టంతా కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత దానికో పాట, పాటకో చట్టం, అన్నీ వాడే పుట్టించాడు. నల్లా మీద టక్ టక్, ఆగి టక్ అని కొట్టి ఎవరింటికొచ్చె అని అడగాలి. అడిగించుకున్నవాళ్ళు, బోసినోటి బిందెకొచ్చె, బొర్ర నిండ తాగిపోయె, అని జవాబు చెప్పాలి, చెప్పేదాకా ఎవరూ బిందె ఎత్తరాదు. చెప్పకపోతే ఏమైతదిరా అంటే, "నీళ్ళు మల్ల పైపులకే పోతయి, ఇగ రావు" అనేవాడు కళ్ళింత చేసుకుని. తల దువ్వించుకోడు, పలక పట్టడు, చట్టాలు మాత్రం చేస్తాడని ఆండాలు విసుక్కునేది. విసుక్కుంటూనే జవాబు చెప్పేది, చేతిలో పిండి ఉన్నా, పొయ్యి మీద పాలు పొంగుతున్నా చెప్పేది.

ఆరేళ్ళు నిండాయి వాడికి, వానలు మొదలయ్యాయి, జ్వరం వచ్చింది. పెద్ద దవాఖానలో పెట్టారు. ఆ పొద్దు కొంచెం నిమ్మళంగా కనపడితే, వైకుంఠాన్ని మంచం పక్కన కూర్చోబెట్టి, జావ కాచుకొస్తాను, ఉతికిన అంగీ తెస్తాను అని ఆండాలు ఇంటికి వచ్చింది. తిరిగి పోయేసరికి గిన్నెలో జావ ఇంకా వెచ్చగానే ఉంది, వాడి మొహం మీద దుప్పటి ఉంది. వైకుంఠం కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు, ఎంత గుంజినా ఇటు తిరగలేదు. ఏమన్నాడు, నన్ను అడిగాడా, నీళ్ళడిగాడా, అని ఆ రోజు అడిగింది, ఆ తర్వాత ఎన్నో రోజులు అడిగింది. "ఏమనలే" అనేవాడు. దినాలు అయిపోయాక ఒక తెల్లవారుజామున నల్లా గొంతు సవరించుకుంది. ఆండాలు బిందె పెట్టి, తనకు తెలియకుండానే వేలి కణుపుతో కొట్టి, ఎవరింటికొచ్చె అని నోట్లోనే అనుకుంది. వెనకనుంచి వైకుంఠం, "ఆ మాట మల్ల ఈ ఇంట్ల అనకు" అన్నాడు. అరవలేదు, తిట్టలేదు, అంతే అన్నాడు. దాంతో మిగిలినవి కూడా పోయాయి. జంపకారం వట్టి పచ్చడయింది. మొగులయ్య వచ్చి ఎట్లా స్నానం చేసినా ఎవరూ ఏమీ అనలేదు. పిల్లవాడి పేరు కూడా ఎవరూ ఎత్తలేదు, ఎత్తితే ఆయన చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. నలుసులు రాకుండా అందరూ నల్లా మూతికి గుడ్డ కడతారు, ఆండాలు చప్పుడు రాకుండా కట్టింది. తొమ్మిదేళ్ళుగా కడుతూనే ఉంది, చినిగితే కొత్తది. మళ్ళీ కడుపు పండలేదు. ఉప్పు తెచ్చినవా, తెచ్చిన, అన్నం పెట్టాల్నా, పెట్టు, ఈ మాటలతోనే ఇద్దరూ బతికారు, అవి లోకమంతా వాడే మాటలు.

ఇంకో ఆడదాన్ని పెట్టుకున్నాడు. సరే. మగవాడు అట్లాంటి పని చేస్తే ఎట్లా ఏడవాలో వాడకట్టులో చూసే ఉంది, ఆండాలు కూడా ఏడుస్తుంది, నెత్తీ నోరూ కొట్టుకుంటుంది, అన్నను పిలిపించి పంచాయితీ పెట్టిస్తుంది, అదంతా తర్వాత. ఇప్పుడు ఈ జడ పట్టుకుని, మల్లెలతో సహా పట్టుకుని, బస్సులోంచి పోతరాజు కాళ్ళ మీదికి ఈడ్చెయ్యాలని చేతులు పీకుతున్నాయి, నలుగురూ చూడనీ. కానీ మంట ఈమె మీద కాదు, ఆయన మీద. జీతంలో సగం ఇటు పోయిందా, పోనీ. రాత్రులు పోయాయా, పోనీ. నా ఇంట్లో నోరు మూయించిన మాటను నువ్వు జామకాయల తువ్వాలలో మూటగట్టుకుని ఇక్కడికి తెచ్చావా. నేను నల్లాకు గుడ్డ కట్టి కూర్చుంటే నువ్వు ఇక్కడ ఇంకో పిల్లతో టక్ టక్‌మని కొట్టించుకుని, అడిగించుకుని, జవాబు చెప్పుకుంటూ కూర్చున్నావా. అది నువ్వు ఇవ్వడానికి నీది కాదు. అది వాడిది, వాడు పోయాడు గనక నాది. ఒక్క చొక్కా గుండీ కూడా మిగలకుండా వాడి బట్టలన్నీ పెట్టెలోంచి తీసి ఎవరికో ఇచ్చేసి వచ్చావు, ఏమీ అనలేదు నేను. ఆ మాట ఒక్కటీ లోపల ఉందనుకుని బతికాను. ఈ పిల్ల నోట్లో అది ఎంత కడిగినట్టు, ఎంత రోజూ వాడినట్టు ఉంది.

"ఎవరింటికొచ్చె?" పిల్ల మళ్ళీ అడిగింది. తల్లి వినిపించుకోలేదు, పొద్దు నడినెత్తి దాటిందని ఆమె గాభరా ఆమెది, "ఇగ ఈ బస్సు ఎప్పుడు పోవాలె, నేను ఎప్పుడు పొయ్యి ముట్టియ్యాలె" అని తనలో తను గొణుక్కుంటోంది.

"అమ్మా, జవాబియ్యి."

"ఇంటికి పొయినంక మీ బాపు ఇస్తడు. ఊకో."

"గప్పటిదాక ఆగొద్దు. నీళ్ళు పైపులకే పోతయి."

గొంతు వణికింది దానికి. ఆట కాదు, నిజమైన భయం. మళ్ళీ కడ్డీ మీద కొట్టింది, టక్ టక్, ఆగి టక్, కొడుతూనే సీటు మీదినుంచి వెనక్కి తిరిగి ఆండాలును చూసింది. అడగలేదు, చూసింది. కాటుక చెదిరి చెంప మీదికి వచ్చింది. ఆండాలు పెదవులు బిగించింది, పళ్ళు బిగించింది, మూటను రెండు చేతులా పట్టుకుంది. ఎవరి పిల్లవే నువ్వు, నాకెందుకు నీ భయం, నీ నీళ్ళు ఎటు పోతే నాకేమి, అనుకుంది. కానీ అడిగినప్పుడు చెప్పాలి, చేతిలో పిండి ఉన్నా చెప్పాలి, ఆ చట్టం ఈ పిల్ల చేసింది కాదు. "బోసినోటి బిందెకొచ్చె" అంది. ఇన్నేళ్ళు వాడని ఆ మాటలకు గొంతు గీరుకుపోయింది. "బొర్ర నిండ తాగిపోయె."

ముందు సీట్లోని ఆమె తిరిగి చూసింది. ఆ జవాబు తెలిసిన ఇల్లు ఈ ఊళ్ళో ఇంకొక్కటే ఉందని ఆమెకు తెలుసు. పిల్లను దగ్గరికి లాక్కుంది. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు, ఎవరూ కళ్ళు దించలేదు. సంతోషమంతా పిల్లదే.

"నీకెట్ల ఎరుక?" అంది. "గది మా అన్న మాట."

"మీ అన్న ఎవరు?"

"సోమన్న. నాకన్న పెద్దోడు. సచ్చిపోయిండు. నేను సూడలే, బాపు చెప్తడు."

"కళా, ఊకోయే" అంది తల్లి, చెయ్యి పిల్ల నోటి మీదికి పోయి మధ్యలో ఆగిపోయింది. డప్పులు మోగుతున్నాయో ఆగాయో ఆండాలుకు తెలియలేదు. సోమన్న. తన ఇంట్లో ఫొటో కూడా లేని పిల్లవాడికి ఆ ఇంట్లో ఒక వరుస ఉంది. ఆరేళ్ళ దగ్గర ఆగిపోయినవాడు అక్కడ అన్న అయ్యాడు, చెల్లెలుంది వాడికి, అది వాడి పేరు గర్వంగా చెప్పుకుంటోంది. ఈర్ష్యతో ఒళ్ళంతా కాగిపోయింది, ఆ కాకలోనే ఇంకా విందామన్న ఆశ, దాహం వేసినట్టు, సిగ్గు లేకుండా.

"ఇంకేం చెప్తడు మీ బాపు?"

"దవాఖానల పండుకోని అన్న గిట్లనే అడిగిండంట. మంచం పట్టీ మీద గిట్ల కొట్టిండంట." పిల్ల కొట్టి చూపించింది. "బాపుకు ఏడుపొచ్చి జవాబియ్యలేదంట. మల్లడిగితే గప్పుడిస్త అనుకున్నడంట. అన్న మల్ల అడగలే. గందుకే మా ఇంట్ల ఎవరడిగినా ఎంటనే ఇయ్యాలె."

ఏమనలే, అన్నాడు తనతో. తొమ్మిదేళ్ళు ఏమనలే, ఏమనలే. తను జావ కలుపుతున్నప్పుడు, పలుచగా ఉందా చిక్కగా ఉందా అని గరిటె ఎత్తి చూస్తున్నప్పుడు, అక్కడ వాడు మంచం పట్టీ మీద కొట్టాడు. అడిగాడు. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డది ఏడుపు దాచుకోవడానికి కాదు, తన మొహం చూడలేక. ఆ మాట ఇంట్ల అనకు అన్నది కూడా అందుకే, ఒక్కసారి చెప్పని జవాబును ఏ నోటితో చెప్తాడు తన ముందు. ఆ ముల్లు తీసి పారేసుకోవడానికి ఈయనకు ఇంకో ఇల్లు కావలసి వచ్చింది, ఇంకో పిల్ల కావలసి వచ్చింది, తనకు మాత్రం గుడ్డ కట్టిన నల్లా మిగిల్చాడు. తిట్టాలో, ఆయన కోసం ఏడవాలో తెలియలేదు. రెండూ ఒక్కసారే గొంతు దాకా వచ్చి అక్కడే ఆగాయి. దీన్ని వాడైతే ఏమనేవాడో తెలుసు.

బస్సు కదిలింది. ఎప్పుడు కదిలిందో, అలియాబాద్ దాటింది, శంషీర్‌గంజ్ దాటింది, ఫలక్‌నుమా ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మూలుగుతుంటే పిల్ల కూడా దానితో పాటు మూలిగి నవ్వింది. తల్లి ముందుకే చూస్తూ కూర్చుంది. ఒక్కసారి సగం తిరిగి, "అక్కా" అంది, ఆ తర్వాతి మాట దొరకలేదు ఆమెకు. ఆండాలు వెతికిపెట్టలేదు.

"బాపు ఇంటికాన్నే ఉన్నడు, కోడిని కోస్తనన్నడు" అంది పిల్ల. "నువ్వొస్తవా?"

కోడిని కోస్తున్నాడట. కొడుకు పోయినప్పటినుంచి తమ ఇంట్లో ఆయన పండుగకు కత్తి పట్టలేదు.

"చాంద్రాయణగుట్ట, చాంద్రాయణగుట్ట" అని కండక్టరు అరిచాడు. స్టాపులో చెల్లెలు నీలమ్మ నెత్తిన కొంగు కప్పుకుని నిలబడి, ఒక్కో కిటికీలోకి వెతుక్కుంటోంది. ఆండాలు చూసింది, లేవలేదు. బస్సు కదిలి చెల్లెలు వెనక్కి జారిపోయింది. కండక్టరు దగ్గరికొచ్చి, "అమ్మా, నీ టికెట్ ఈడిదాకనే" అన్నాడు. ఆమె కొంగు ముడి విప్పి చిల్లర తీసింది. ఈమె సంగతి అడగదు, ఈ పిల్ల సంగతి అడగదు, అవి అడగడానికి బతుకంతా ఉంది. వాకిట్లో కత్తి పట్టుకుని తల ఎత్తే మనిషిని ఒకటే అడగాలి. దవాఖాన మంచం మీద వాడు పాటంతా అన్నాడా, ఎవరింటికొచ్చె దాకా వచ్చాడా, గొంతు ఎట్లా ఉంది.

"బార్కస్‌దాక ఇయ్యి" అంది.